ఎవరి ఉత్తరం వాళ్ళే చదువుకోవాలని

మా నాన్న బ్రాంచి పోస్టుమాస్టరు. వేరే ఆఫీసంటూ ఉండేది కాదు, మా ఇంటి వీధి గదే పోస్టాఫీసు. ఒక చెక్కబల్ల, స్టాంపుల పెట్టె, చిన్న త్రాసు, తేదీ ముద్ర, ఇంకు ప్యాడ్. బయట అరుగు పక్కన గోడకి ఎర్ర డబ్బా. రాజాం నుంచి చీపురుపల్లి వెళ్ళే రోడ్డు మీద బస్సు దిగి, చెరువు గట్టు పట్టుకుని నడిస్తే మా ఊరు. అప్పుడు మాది శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం వైపు ఊళ్ళు విజయనగరంలో కలిశాయి. మా అమ్మ మాత్రం ఎవరడిగినా ఇప్పటికీ శ్రీకాకుళమనే చెబుతుంది.

టపా సంచి వచ్చేసరికి పదకొండయ్యేది. అప్పటికే అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. మా వైపు వలస లేని ఇల్లు తక్కువ. కొందరు వైజాగ్, కొందరు హైదరాబాద్‌లో బిల్డింగు పనులకి. ఎప్పుడో ఖరగ్‌పూర్ రైల్వేలో చేరి అక్కడే ఉండిపోయిన వాళ్ళు కొందరు. మా తాతల కాలంలో అయితే ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయేవారట. ఇళ్ళ దగ్గర మిగిలింది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. మంచీ చెడ్డా అంతా ఉత్తరాల మీదే నడిచేది. కానీ ఉత్తరం వస్తే సరిపోదు కదా, చదివి పెట్టేవాళ్ళు కావాలి. మా ఊళ్ళో ఆ పని మా నాన్నది.

"బాబూ, మావోడు ఏటి రాసినాడు? దాయకుండా ఉన్నదున్నట్టు సెప్పీయండి" అని అడిగేవారు. నాన్న ఉన్నదున్నట్టే చదివేవారు. ఒక మాట కలిపేవారు కాదు, ఒక మాట మింగేవారు కాదు. చదివేటప్పుడు మమ్మల్ని గదిలో ఉండనిచ్చేవారు కాదు. విన్నది మా అమ్మతో కూడా చెప్పేవారు కాదు. అయినా ఆ వీధి గదిలో రహస్యం అనేది ఎలా ఉంటుంది? కిటికీ తెరిచే ఉండేది. అరుగు మీద తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళ చెవులు తెరిచే ఉండేవి.

మా వీధి చివరింట్లో ఒక కొత్త కోడలు ఉండేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే. నేను ఆవిణ్ణి అప్ప, అంటే అక్క, అనేదాన్ని. మొగుడు హైదరాబాద్‌లో సెంట్రింగు పని. అతనికీ చదువు రాదు, పక్క ఊరి కుర్రాడి చేత రాయించేవాడు. ఇక్కడ నాన్న చదివేవారు. పక్కన అత్తగారు నిలబడి వినేది. మొగుడూ పెళ్ళాల మధ్య నడవాల్సిన మాటలు ఇంతమంది నోళ్ళ మీదుగా, చెవుల మీదుగా వెళ్ళాలి. చదవడం అయ్యాక నాన్న పెన్ను తీసి "ఏం రాయమంటావు తల్లీ?" అని అడిగేవారు. "బాగున్నానని రాయండి బాబూ" అనేది. ప్రతిసారీ అదే మాట. ఒకసారి ఆవిడ జ్వరంతో నిలబడలేక గుమ్మం పట్టుకుని ఉండగా కూడా అదే చెప్పింది. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న అమ్మతో అన్నారు: "ఆ పిల్లకి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. నా ముందు ఎలా చెప్తుంది?"

అక్షరాస్యత గురించి నేను తర్వాత చాలా ఉపన్యాసాలు విన్నాను. షావుకారు మోసం చెయ్యకుండా చదువు, ప్రభుత్వ పథకాలు తెలియడానికి చదువు, దేశాభివృద్ధికి చదువు. అన్నీ నిజమే. కానీ చదువు రాని మనిషి తన సొంత విషయం కూడా పరాయి నోటి గుండా వినాలి, పరాయి చేతి గుండా చెప్పాలి. మా అరుగు మీద రోజూ కనిపించింది అదే. ఆ బాధ గురించి ఏ వేదిక మీదా ఎవరూ పెద్దగా మాట్లాడగా నేను వినలేదు.

మనియార్డరు వచ్చిన రోజైతే ఇంకొకటి. వేలిముద్ర వేసేవాళ్ళకి సాక్షి సంతకం కావాలి. డబ్బు ఆవిడది, పంపింది ఆవిడ కొడుకు, అయినా పక్కన ఎవరో ఒకరు నిలబడి ఎంత వచ్చిందో చూడాల్సిందే. సాయంత్రానికి ఊరంతా తెలిసేది, అప్పులవాళ్ళకి కూడా. మనియార్డరు ఫారం కింద చిన్న కూపన్ ముక్క ఉండేది, పంపినవాళ్ళు రెండు మూడు ముక్కలు రాసుకోవడానికి. నాన్న దాన్ని జాగ్రత్తగా చింపి డబ్బుతో పాటు చేతికిచ్చేవారు. చదవలేకపోయినా ఆ ముక్కలన్నీ పోగు చేసి దారంతో కట్టి దాచుకున్న తల్లుల్ని నేను చూశాను.

మా ఊళ్ళో రాత్రిబడి అంతకుముందు ఒకసారి పెట్టారు. 1978 అక్టోబర్ 2న దేశమంతా జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలుపెట్టినప్పటి సంగతి. నేను మరీ చిన్నపిల్లని. రామమందిరంలో లాంతరు, నల్లబల్ల, పది పన్నెండుమంది మగవాళ్ళు. ఆడవాళ్ళని ఎవరూ రమ్మనలేదు, వాళ్ళూ వెళ్ళలేదు. కొన్నాళ్ళకి కిరసనాయిలు రావడం ఆగింది, బడీ ఆగింది.

రెండోసారి వచ్చింది వేరు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టారు. 1990లో కేరళలో ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని, మరుసటి ఏడు కేరళ రాష్ట్రం మొత్తం సాధించిందని పేపర్లలో వచ్చింది. నాన్న ఆ వార్త చదివి రోజంతా దాని గురించే మాట్లాడారు. అదే 1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో నూటికి 44 మంది చదువు వచ్చినవాళ్ళయితే, శ్రీకాకుళంలో 36, విజయనగరంలో 34. ఆడవాళ్ళని విడిగా చూస్తే రెండు జిల్లాల్లోనూ నాలుగో వంతు కూడా లేరు. ఈ నేల మీద పుట్టి తెలుగుకి ఇంత చేసినవాళ్ళని తలుచుకుంటే ఆ అంకెలు మరీ గుచ్చుకుంటాయి. 1997లో కథకులు కాళీపట్నం రామారావు గారు, మా కారా మాస్టారు, శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చడం మొదలుపెట్టారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ అలమరాల ముందు నిలబడి సంతోషించాను. ఆ వెంటనే మా అరుగు మీది ఆడవాళ్ళు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

అక్షరాస్యతా ఉద్యమం మా ఊరికి ఆటపాటలతో ఊరూరా తిరిగే కళాజాతాతో వచ్చింది. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో బుర్రకథ, ఆ తర్వాత తప్పెటగుళ్ళు. రొమ్ము మీద రేకు తప్పెట్లు కట్టుకుని వాళ్ళు ఎగిరి దరువు వేస్తుంటే చెరువు గట్టు దాకా వినిపించింది. ఆటంటే మావాళ్ళు నిద్ర మానుకుని చూస్తారు. ఆట మధ్యలో చదువు మాటలు చెప్పారు. ఒక్కో వలంటీరుకి పదిమంది, జీతం ఏమీ లేదు, 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళని ముందు కూర్చోబెట్టాలి, పలకా బలపం వాచకం వాళ్ళే ఇస్తారు. నేను ఇంటర్ రాసి ఖాళీగా ఉన్నాను. నా పేరు నాన్నే రాయించారు. చోటు కూడా ఆయనే చెప్పారు: "మన అరుగు ఉంది కదా. రోజూ వస్తున్నవాళ్ళే, కొత్తగా సిగ్గుపడక్కర్లేదు."

మా వాచకం అ ఆ లతో మొదలు కాదు. బొమ్మ, దాని కింద మాట, ఆ మాటను విడగొడితే అక్షరాలు. మూడు భాగాలు, మొత్తం మీద 200 గంటల చదువు. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, చూసి రాయాలి, చెబుతుంటే రాయాలి, నూరు దాకా అంకెలు రావాలి. అప్పుడే అక్షరాస్యులని లెక్క. పై నుంచి లెక్కలు అడిగేవాళ్ళు మాత్రం సంతకం వస్తే చాలు, రాసెయ్యమనేవారు. నాన్నకి అక్కడ ఒళ్ళు మండేది. "సంతకం గీసినవాడు కాగితం మీద ఏముందో తెలియకుండా సంతకం పెడతాడు. వేలిముద్ర కంటే అదే ప్రమాదం" అనేవారు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజమని ఈరోజుకీ నమ్ముతాను.

వచ్చినవాళ్ళలో ఎదురింటి అత్త వయసు యాభై దాటింది. ఆవిడ పేరు లిస్టులో రాయలేదు. "నాకు లిస్టుతో పనేటి, నాను కూకుంటాను" అని రోజూ అందరికంటే ముందొచ్చేది. ఊళ్ళో ఆడవాళ్ళు మేలమాడితే, "కాటికెల్తే అక్కడేటి పరీచ్చ పెడతారేటే? నాకు కావాల నాను సదువుతాను" అని గట్టిగా చెప్పేది. మొదటి రోజుల్లో బలపం కొడవలి పిడి పట్టినంత గట్టిగా పట్టేది. పలక మీద ఆన్చగానే విరిగేది. విరిగిన ముక్కలు కొంగున ముడివేసుకుని, మిగిలిన చిన్న ముక్కతో మళ్ళీ రాసేది. 'ర'కి గుండ్రం బాగా కుదిరేది, తలకట్టు మాత్రం పక్కకి జారిపోయేది. తడిగుడ్డతో తుడిచి, పలకని దీపానికి ఎత్తి చూసుకుని, మళ్ళీ మొదలు. నేను చెయ్యి పట్టి దిద్దించబోతే చెయ్యి లాక్కునేది. "ఒద్దు గుంటా, నువ్వు రాస్తే అది నీ అచ్చరం అయిపోద్ది" అనేది.

అందరూ ముందు తమ పేరు నేర్పమన్నారు. అత్త వాళ్ళ నాన్న పేరు నేర్పమంది. ఆవిడ పసిపిల్లగా ఉండగా ఆయన రంగం పోయాడు. 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీద పడ్డాక జాడ లేదు. ఆయన దగ్గర్నుంచి వచ్చిన ఒకే ఒక్క ఉత్తరం తగరపు పెట్టెలో ఉందని ఆరోజు చెప్పింది. మా నాన్నకి కూడా ఎప్పుడూ చూపించలేదట. చిన్నప్పుడు ఎవరో చదివి "సంక్రాంతికి వస్తానని రాశాడు" అని చెప్పారు, అంతే తెలుసు.

రెండో వాచకం సగమయ్యాక ఆ ఉత్తరం తెచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయి, సిరా పచ్చబడిపోయి ఉంది. ఎవరి చేతనో రాయించినదే, అంతా గొలుసుకట్టు రాత. అత్త ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేకపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకోలేదు. "దీన్ని మన అచ్చరాల్లోకి రాసీయి. సదివి సెప్పకు, రాసీయి అంతే" అంది. నేను ఆ గొలుసుకట్టు విప్పుకుంటూ పెద్ద పెద్ద అక్షరాలతో రెండు కాగితాల మీద రాసిచ్చాను. పైకి ఒక్క మాట చదవలేదు. ఆవిడ ఆ కాగితాలు తీసుకుని వెళ్ళి, వారం పాటు రోజూ కొంచెం కొంచెం చదువుకుంది. సంక్రాంతికి వస్తానని నిజంగానే ఉంది. దాని కింద చిన్నదానికి గాజులు కొన్నానని, కొలత తెలియక రెండు సైజులు తీసుకున్నానని ఉంది. చిన్నది అంటే అత్త. అప్పుడు చదివిపెట్టిన మనిషికి ఆ ముక్క అంత ముఖ్యం అనిపించలేదేమో, ముఖ్యమైనది చెప్పేసి లేచి ఉంటాడు. దాదాపు యాభై ఏళ్ళు ఆ రెండు సైజుల గాజుల సంగతి ఆవిడ పెట్టెలోనే ఉంది, ఆవిడకి తెలియదు.

క్లాసులో ఉత్తరాలే మాకు అసలు వాచకం అయ్యాయి. అంకెలు పిన్‌కోడ్‌తో నేర్పాను. 532తో మొదలయ్యే ఆరంకెలు అందరికీ నోటికి వచ్చేశాయి. ముందు చిరునామా రాయడం, తర్వాత క్షేమం, తర్వాత విషయం. రాయడం మొదలుపెట్టేసరికి ఒక పెద్ద అనుమానం వచ్చింది. పుస్తకంలో 'నేను' అని ఉంది, మేం 'నాను' అంటాం, ఏది రాయాలి? నాన్న లోపల్నుంచి వచ్చి చెప్పారు: "మీ ఇంటాయనతో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. ఆయనకి అర్థమవుతుంది." ఆ సాయంత్రమే గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి చెప్పారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన, జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడారని, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండల మీద సవరల భాష నేర్చుకుని వాళ్ళకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారని. అత్త విని "అంత పెద్దాయనే ఒప్పుకున్నాడు, ఇంకేటి" అని పలక మీదకి వంగింది.

ఊడుపులప్పుడు క్లాసు పలచబడేది. గోగు నార తీసే రోజుల్లో అయితే పూర్తిగా ఆగేది. చెరువులో ఊరిన గోగు కట్టల్లో నడుము లోతు నిలబడి పొద్దస్తమానం నార తీసి, ఒళ్ళంతా ఆ మురుగు వాసనతో వచ్చినవాళ్ళని పలక పట్టుకోమని ఎలా అంటాం? ఆ పని అయ్యాక మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే వచ్చేవాళ్ళు. కొందరు రాలేదు.

మగపిల్లలు ముగ్గురు నలుగురు ఉండేవారు. బడి మానేసి రైతుల దగ్గర కంబారులుగా, అంటే పాలేర్లుగా, కుదిరిన వాళ్ళు. పశువుల్ని కట్టేసి, కాళ్ళు కడుక్కుని, ఆడవాళ్ళకి దూరంగా మెట్ల మీద కూర్చునేవారు. అందులో ఒకడు వాచకం మూడు భాగాలూ గబగబా మింగేశాడు. 1991లో పెట్టిన ఓపెన్ స్కూల్ గురించి నాన్న ఎక్కడో చదివి వాడికి చెప్పారు. పశువులు కాస్తూనే చదివి, కొన్నేళ్ళ తర్వాత పది పాసయ్యాడు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేరాడు. ఇప్పుడు రాజాం బస్టాండులో కనిపిస్తే "అప్పా" అని పిలిచి టీ తాగించకుండా వదలడు.

ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న వార్త వచ్చింది. చదువుల క్లాసుల్లోంచే ఆ ఉద్యమం పుట్టిందని పేపర్లో ఉంటే క్లాసులో చదివించాను. ఒకరు రెండు వాక్యాలు, ఇంకొకరు రెండు వాక్యాలు, అలా అందుకుంటూ చదివారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మా ఊళ్ళో అంత పోరాటమేమీ జరగలేదు. కానీ ఎక్కడో మనలాంటి ఆడవాళ్ళే చదువుకుంటూ చేశారని తెలిశాక, వాచకం మీద వీళ్ళకి గౌరవం పెరిగింది.

వీధి చివరింటి అప్ప సంగతి చెప్పాలి. ఆవిడ అందరికంటే తొందరగా నేర్చుకుంది, ఎవరికీ చెప్పలేదు. క్లాసులో తెలియనట్టే కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నం జనం లేని వేళ చూసి వచ్చి, ఇన్‌లాండ్ లెటరు ఒకటి కొనుక్కుని వెళ్ళింది. మర్నాడు తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. అంచులు అన్నం మెతుకులతో అంటించింది, గట్టిగా నొక్కీ నొక్కీ అంటించినట్టు ఉబ్బి ఉన్నాయి. అడ్రసు వంకరటింకరగా ఉన్నా పిన్‌కోడ్‌తో సహా పూర్తిగా ఉంది. నాన్న అటూ ఇటూ తిప్పి చూడను కూడా చూడలేదు. ముద్ర కొట్టి సంచిలో వేశారు. అందులో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత నుంచి మనియార్డరు అత్తగారి పేరు మీద కాక ఆవిడ పేరు మీద రావడం మొదలైంది. ఆవిడే సంతకం పెట్టి తీసుకునేది. సాక్షి అక్కర్లేకపోయింది.

నేను డిగ్రీకి శ్రీకాకుళం వెళ్ళిపోయాను, హాస్టల్లో ఉన్నాను. క్లాసు ఆగింది. ఊరికి ఒక పుస్తకాల పెట్టె వచ్చిందట, జన శిక్షణ నిలయం అని బోర్డు కూడా పెట్టారట. తాళం ఎవరి దగ్గర ఉందో చివరిదాకా ఎవరికీ తెలియలేదు. నన్ను ఇప్పటికీ బాధించేది ఇదే. నేర్పడానికి ఊరూరా డప్పు కొట్టి తిరిగాం. నేర్చుకున్నాక వాళ్ళు ఏం చదవాలో ఎవరూ ఆలోచించలేదు. దూరాన ఎవరో ఒకరు ఉండి ఉత్తరాలు వచ్చే ఇళ్ళలో చదువు నిలిచింది. ఎవరూ లేని ఇళ్ళలో రెండేళ్ళు తిరక్కుండానే పోయింది. ఎదురింటి అత్తకి పిల్లలు లేరు. ఆవిడకి ఉత్తరం రాసేవాళ్ళు ఎవరున్నారు? సెలవులకి వెళితే, "అచ్చరాలు ఒగ్గీసి ఎల్లిపోతన్నాయే గుంటా" అని మెల్లగా చెప్పింది.

నాన్న ఆరోజు పది పోస్టుకార్డులు నా సంచిలో పెట్టారు. కార్డు అప్పుడు 15 పైసలు. "మాకు రాయకపోయినా ఫర్వాలేదు, అత్తకి రాయి. పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు. ఆవిడకి తెలిసిన సంగతులు రాయకు, తెలుసుకోవాలనిపించేవి రాయి" అన్నారు. అలా మొదలైంది. హాస్టల్లో ఏం వండారో, నాగావళికి వరద ఎంత వచ్చిందో, అరసవల్లిలో రథసప్తమికి జనం ఎలా ఉన్నారో రాసేదాన్ని. రథసప్తమి కార్డు ఆవిడకి చాలా నచ్చింది. బతికినంత కాలం ఎప్పటికైనా వెళ్ళాలని అనుకున్న చోటు అది.

ఆవిడ జవాబులు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. దీర్ఘాలు సగం ఉండవు, వత్తులు చాలావరకు ఉండవు, వాక్యం ఎక్కడ ఆగిందో మనమే చూసుకోవాలి. ఒక కార్డులో ఇలా ఉంటుంది: "గుంటకి దీవెన ఆవు ఈనింది పెయ్య మీ నాన దగు తగింది మీ అమ నీకు సెపొదంది నాను సెపుతనాను ఆల్లు గాడికి నీ పెల్లి మాట అడిగినారు నువు సదువుకో." మా ఇంట్లో నాకు పెళ్ళి సంబంధం చూస్తున్నారని, నాకు చెప్పొద్దని అనుకున్నారని నాకు తెలిసింది ఆ కార్డు వల్లే. నేను వెంటనే నాన్నకి రాశాను, డిగ్రీ అయ్యాకే అని. నాన్న ఒప్పుకున్నారు. అత్త రాసిందని ఆయన ఎంత సంతోషించారో, నేను పెళ్ళి వద్దన్నానన్న సంగతి అసలు పట్టించుకోలేదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ముందు రాజాంలో ఎస్‌టీడీ బూతులు, తర్వాత ఇంటికో సెల్లు. ఉత్తరాలు పలచబడి ఆగిపోయాయి. పాత మనియార్డరు కూడా 2015లో ఆగింది. ఇంక చదువుతో పనేముంది, మాట్లాడుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అన్నారు. సరిపోలేదు. 2000లో మా రెండు జిల్లాల్లోనూ వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు మొదలై, డ్వాక్రా సంఘాలు ఊపందుకున్నాక పుస్తకాలు రాసే మనిషి కావాల్సి వచ్చింది. మా ఊరి సంఘం లెక్కలు రాసింది వీధి చివరింటి అప్ప. ఉపాధి హామీ పనులు 2006లో విజయనగరం జిల్లాలో, మరుసటి ఏడు శ్రీకాకుళంలో మొదలయ్యాయి. జాబ్ కార్డులో ఎన్ని రోజులు వేశారు, హాజరు మస్టరులో తన పేరు పడిందా లేదా అని చూసుకోగలిగినవాళ్ళు చూసుకున్నారు, మిగిలినవాళ్ళు పని చూసే మేటు చెప్పింది విన్నారు.

2009లో సాక్షర భారత్ అని పెద్దవాళ్ళ చదువు కార్యక్రమం వచ్చింది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకి 50, మొత్తం 150 మార్కుల పరీక్ష. మనవలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుండగా అవ్వలు పరీక్ష రాశారు. 2018 మార్చితో అదీ అయిపోయింది. 2011 జనాభా లెక్కల్లో చదువు వచ్చినవాళ్ళు శ్రీకాకుళంలో నూటికి 62 దగ్గరికి, విజయనగరంలో 59 దగ్గరికి వచ్చారు. ఎంతో పెరిగినట్టే. కానీ విజయనగరంలో ఆడవాళ్ళలో అప్పటికి కూడా సగం మందికి చదువు రాదు.

నేను ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో, చుట్టుపక్కల ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళందరూ గజపతినగరం వైపు, చీపురుపల్లి వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటారు. కానీ బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే ఫోను పట్టుకుని మా తలుపు కొడతారు. ఏటీఎంకి వెళితే కార్డు ఇచ్చి, పిన్ నంబరు చెప్పి ఎవరో కుర్రాణ్ణి తీసిపెట్టమంటారు. ఎంత తీశాడో వాడు చెప్పిందే లెక్క. ఓటీపీ ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో తెలియక టెన్షన్. నాన్న ఉంటే ఎంత బాధపడేవారో! అప్పుడు ఉత్తరం చదివి పెట్టినవాడు నమ్మకస్తుడు, కనీసం మొహం తెలిసినవాడు. ఇప్పుడు మన అకౌంటు మెసేజ్ చదివేది ఎవరైనా కావచ్చు.

అందుకే ఆదివారం సాయంత్రాలు మా సెల్లార్‌లో చాప వేస్తున్నాం. 2022లో మొదలై, తర్వాత ఉల్లాస్ అని పేరు పెట్టిన కొత్త అక్షరాస్యతా కార్యక్రమంలో 15 ఏళ్ళు దాటిన ఎవరైనా చేరొచ్చు, చెప్పేవాళ్ళు జీతం లేకుండా చెప్పాలి. ఆ పుస్తకం మా దగ్గర ఉంది. దానితో పాటు వాళ్ళ ఫోన్లలోని మెసేజ్‌లనే పాఠాలుగా పెట్టుకున్నాం. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ముందు తేదీ, తర్వాత అంకె, తర్వాత జమా ఖర్చా అన్నది చూడటం. మా వాచ్‌మన్ భార్య ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఇంటి దగ్గర కూతురే దిద్దిస్తుంది. పిల్ల స్కూలు వాట్సాప్ గ్రూపులో ఏ మెసేజ్ వచ్చినా కూతురు చదివి చెప్పిందే ఇన్నాళ్ళూ తల్లికి తెలుసు. ఇప్పుడు తల్లే నెమ్మదిగా చదువుతోంది, పరీక్ష తేదీలు చదివి కూతుర్ని నిలదీస్తోంది. ఆ పిల్లకి అది అంత నచ్చినట్టు లేదు గానీ, దిద్దించడం మాత్రం మానలేదు.

వాళ్ళకి ప్రతివారం నేను ఒక కార్డు పోస్టులోనే వేస్తున్నాను, ఒక్కొక్కరి పేరు మీద విడివిడిగా. పోస్ట్‌మన్ పేరు పెట్టి పిలిచి చేతికిస్తే వాళ్ళ మొహాలు చూడాలి. పోయిన వారం ఒకావిడ అడిగింది, "అమ్మా, ఈసారి కరెంటు బిల్లు సదివించండి, ఓనరు గారు ఎంతంటే అంత ఇచ్చేస్తన్నాం" అని. నాలుగైదు ఇళ్ళ పాత బిల్లులు అడిగి తెచ్చి పెట్టాను. యూనిట్లు, శ్లాబులు, బకాయి ఎక్కడెక్కడ ఉంటాయో పెద్ద చార్టు మీద రాయాలి. కండక్టర్ తమ్ముడు కూడా సెలవు పెట్టుకుని వస్తానన్నాడు, బస్సు బోర్డులు వాడు చెబుతాడు.